చుక్క మాయమైన చోట

మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి దాటాక లైట్లు వెలుగుతున్న ఇళ్లలో పరీక్షలకు చదివే పిల్లలే ఉంటారనుకోకండి. కొడుకునో కూతురినో శంషాబాద్‌లో దించి వచ్చి, ఫోన్లో పసుపుపచ్చ విమానం బొమ్మకు కాపలా కాసే అమ్మానాన్నలు కూడా ఉంటారు. మా పై అంతస్తు ఆంటీ అంతే. వాళ్లది విశాఖ, మర్రిపాలెం. అబ్బాయి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్ వెళ్తున్నాడు. పన్నెండున్నరకి నాకు ఫోన్.

“బాబూ, సముద్రం మీదికెళ్లగానే గీత తెగిపోయిందేటి?”

ఏమీ కాలేదని చెప్పాను. విమానం తానెక్కడుందో రేడియోలో తానే చెప్పుకుంటూ పోతుంది. ఆ మాట వినే రిసీవర్లు ఎక్కువగా నేల మీదే ఉంటాయి. ఒడ్డుకు బాగా దూరమైతే యాప్‌కి ఏమీ వినపడదు, అంచనాతో గీత గీసేస్తుంది, లేదంటే అక్కడే ఆపేస్తుంది.

“మా ఎన్ఏడీ వాళ్లు పోయింది ఆ సముద్రంలోనే కదా” అన్నారావిడ.

2016 జులై 22, శుక్రవారం. వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 రవాణా విమానం ఉదయం ఎనిమిదిన్నరకు చెన్నై దగ్గరి తాంబరంలో లేచింది. పదకొండూ ముప్పావుకి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాలి. లోపల 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో (ఎన్ఏడీ) ఉద్యోగులు, డ్యూటీ మీద వెళ్తున్నవాళ్లు. తొమ్మిది దాటాక విమానం 23,000 అడుగుల ఎత్తు నుంచి ఎడమకు తిరుగుతూ వేగంగా కిందికి జారడం చెన్నై రాడార్‌లో కనిపించింది. ఆ తర్వాత ఏమీ కనిపించలేదు.

ఓడలు, విమానాలు, జలాంతర్గామి వెళ్లి వెతికాయి. ఆ విమానానిదని చెప్పదగ్గ ముక్క ఒక్కటీ నీటి మీద తేలలేదు. ప్రమాద సంకేతాలు పంపే పరికరం ఉన్నా, దాని రేడియో తరంగాలు నీళ్లలోంచి పైకి రావు.

అంతకు రెండేళ్ల ముందు, 2014 మార్చి 8న, 239 మందితో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370ది దీనికి తిరగేసిన కథ. దాని రెక్క ముక్క 2015 జులైలో ఎక్కడో రీయూనియన్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కూలిన చోటు మాత్రం 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం గాలించినా దొరకలేదు. దానికి ముక్కలున్నాయి, చోటు లేదు. మనదానికి అప్పట్లో చోటు దాదాపు తెలుసు, ముక్క లేదు. లోకమంతా మొదటిదాని మీద పుస్తకాలు రాసింది, సినిమాలు తీసింది. రెండోది మర్రిపాలెం, కంచరపాలెం వైపు ఇళ్లలోనే మిగిలిపోయింది.

సముద్రంలో తప్పిపోయినదాన్ని వెతికే లెక్కలు మాకు పెద్ద దూరం కాని ప్రగతినగర్‌లోనే జరుగుతాయి. అక్కడి సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2016లోనే ‘సారత్’ అనే సాధనాన్ని తెచ్చింది. పోయింది పడవా, మనిషా, ఆఖరుగా కనిపించింది ఎక్కడ, ఎప్పుడు అని చెబితే గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. తేలేదానికి పనికొచ్చే లెక్క అది. మునిగినదాని దారి వేరు.

ఏడేళ్లపాటు సొంతవాళ్లకు కూడా కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చంటుంది మన సాక్ష్య చట్టం. వైమానిక దళం అంతవరకు ఆగలేదు. 29 మందీ మరణించినట్టు భావిస్తున్నామని 2016 సెప్టెంబరులోనే కుటుంబాలకు రాసింది. దేహం దొరకనివాళ్లకు దర్భలతో, మోదుగాకులతో మనిషి ఆకారం చేసి దహనం చేసే విధి మనకుంది. పురోహితుడు ఆ విధానం చెప్పగలడు. కానీ ఆ బొమ్మకు నిప్పు పెడదామని ఇంట్లో ముందు ఎవరు నోరు విప్పాలి?

చివరికి జాడ దొరికింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దింపిన, మనిషి అక్కర్లేని జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతులో సోనార్‌తో వెతికి, అడుగున పడివున్న శకలాలను ఫొటో తీసింది. పోల్చి చూస్తే ఏఎన్-32వే. ఆ చుట్టుపక్కల మరే విమానమూ కూలిన దాఖలా లేదు కాబట్టి అవి ఆ విమానానివే అయ్యుంటాయని 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది. చట్టం చెప్పిన ఏడేళ్లూ దాటి ఆర్నెల్లయింది.

ఎంహెచ్370 తర్వాత నిబంధనలు మారాయని, సముద్రాల మీద పెద్ద విమానాల జాడను పదిహేను నిమిషాలకోసారి చూస్తారని ఆంటీకి చెబుదామనుకున్నాను. పదిహేను నిమిషాలంటే ఆవిడకు ఎంతసేపో గుర్తొచ్చి ఊరుకున్నాను.

రెండుంపావుకి వాట్సాప్ మోగింది. ఫుకెట్ దగ్గర బొమ్మ మళ్లీ కదులుతున్న స్క్రీన్‌షాట్. కింద ఒక్క మాట: “వచ్చాడు.”