నీరు తీసిన తరువాత నిలబడాలంటే

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వరదకు అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీట మునిగాయి. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్లు వేసి నలుగురికి పని చూపే మహిళకు ఇల్లు, వ్యాపారం రెండూ ఒకేసారి దెబ్బతిన్నట్టే. పైగా పనివాళ్లకు జీతాలూ తానే సర్దాలి.

అలాంటప్పుడు 'ధైర్యంగా ఉండమ్మా' అంటే సరిపోదు. ముందుగా చేసుకున్న ఏర్పాట్లే ధైర్యాన్నిస్తాయని మేము నమ్ముతున్నాం.

ఆ వరదకు రాష్ట్ర ప్రభుత్వం కిరాణా కొట్ల వంటి చిన్న దుకాణాలకు రూ.25,000 సాయం ప్రకటించింది. నమోదైన వ్యాపారాలకు, టర్నోవరు రూ.40 లక్షల లోపు ఉన్నా, రూ.50,000 ప్రకటించింది. నమోదుకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు.

ఇక మిగిలిన జాగ్రత్తలు. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేర్వేరు ఖాతాల్లో ఉంచాలి. సరుకుకూ మిషన్లకూ బీమా చేయించేటప్పుడు వరద నష్టం అందులో ఉందో లేదో అడగాలి. బాకీల పుస్తకాన్ని వారానికోసారి ఫొటో తీసి ఇంకొకరికి పంపాలి. మోటార్లు, గుడ్డల మూటలు నేలమీద ఉంచకూడదు. లెక్కలు, కొనుగోళ్లు తెలిసిన రెండో మనిషిని తయారుచేసుకోవాలి. యజమానురాలు మంచాన పడినా పని ఆగదు.

కృష్ణా తీరాన వానాకాలం ఏటా వస్తుంది. మన అక్కచెల్లెళ్లు ఈ పనుల్లో ఒక్కటైనా ఈ వారమే మొదలుపెట్టాలని కోరుతున్నాం. ఫారాలు నింపడం రానివారికి చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని సాయపడాలి.