సూది మొదలు ఏనుగు వఱకు

లండను నగరమున బేస్‌వాటరు ప్రాంతమందు 1863వ సంవత్సరమున విలియం వైట్లీ అను యువవర్తకుడు రిబ్బనులు, లేసులు అమ్ము చిన్న దుకాణమొకటి తెఱచి, క్రమక్రమముగా ఇరుగుపొరుగు దుకాణములను గూడ తనలో కలుపుకొని, బట్టలతోపాటు ఆభరణములు, ఆహారపదార్థములు, గృహోపకరణములు సమస్తమును సమకూర్చి, సూది మొదలు ఏనుగు వఱకు ఎవ్వరేది కోరినను ఇయ్యగలనని లోకమునకు చాటెను. ఈ మాటను పరీక్షింపనెంచి ఒక మతాచార్యుడు నిజముగనే ఏనుగును పంపుమని కోరెననియు, సాయంకాలమగునప్పటికి ఆ జంతువు ఆయన వాకిట వచ్చి నిలిచెననియు ఒక కథ కలదు. కథ నిజమైనను కాకున్నను, అట్టి కథ పుట్టుటకు తగిన విశ్వాసము ఆ అంగడియందు జనులకు కలిగెననుట మాత్రము నిజము. ఆ నగరమందే హారడ్స్ అను మఱియొక మహావిపణిలో 1969లో ఇద్దరు యువకులు నిజమైన సింహపు పిల్లనే కొనిపోయిరి. దానికి మాత్రము సాక్ష్యము పుష్కలముగా నున్నది.

డిపార్టుమెంటు స్టోరు అని లోకమంతటను వ్యవహరింపబడు ఈ మహావిపణులు నేడు చాలవఱకు అంతరించినవి. వానిని కన్నులార చూచిన వృద్ధులు వాని పేరు తలచినంతనే, ఏ అంతస్తున గడియారములుండెనో, ఏ మూల బొమ్మలుండెనో, ఏ తలుపు దగ్గఱ బిస్కట్ల వాసన వచ్చుచుండెనో అమితమైన ప్రీతితో వర్ణింపసాగుదురు. ఇంతకు నూఱింతలు సరకు నేడు చేతిలోని ఫోనునందే దొరకుచుండగా, గతించిన అంగడిని గూర్చి ఇంత బెంగ యెందుకని యువకులు ఆశ్చర్యపడవచ్చును. బెంగ సరకును గూర్చియే యైనచో ఆ యాశ్చర్యము న్యాయమే. కాని అది సరకును గూర్చి మాత్రమే కాదని నా విశ్వాసము.

ఈ విపణులు పుట్టుటకు పూర్వము వ్యాపారమెట్లు సాగుచుండెనో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మన బజారులందు వలెనే పారిసు నగరమందును వర్తకుడు కొనువాని మొగము చూచి ధర చెప్పెడివాడు. బేరమాడ నేర్చినవానికి ఒక వెల, నేర్వనివానికి మఱియొక వెల. గడప లోపల అడుగిడినవాడు ఏదో యొకటి కొనక మరలిపోవుట మర్యాద కాదు. కొనినది మరల నిచ్చుట యన్న మాటయే లేదు. ఈ పద్ధతిని తలక్రిందులు చేసిన వారిలో అగ్రగణ్యుడు ఆరిస్టీడ్ బూసికో. ఆయన 1852లో పారిసునందలి బాన్ మార్షే అను అంగడిలో భాగస్వామియై, ప్రతి వస్తువునకును ధరచీటీ కట్టించి, ఎవ్వరైనను లోనికి వచ్చి ఏమియు కొనకయే చూచిపోవచ్చుననియు, కొనినది నచ్చనిచో తిరిగి ఇచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చుననియు ఏర్పాటు చేసెను. వస్తువు ఒక్కింటికి లాభము స్వల్పమే. కాని సరకు నిలువయుండక వేగముగా మాఱుచుండుటచే మొత్తముమీద లాభము అపారమయ్యెను. ఒక్కొక్క విభాగమునకు ఒక్కొక్క అధికారి. తన సరకును తానే కొనును, తన పద్దును తానే చూపును. మందముగా సాగు విభాగమును చుఱుకుగా సాగు విభాగము మోయును. పియానోలమ్ము గది నెలకొక్క పియానోనే అమ్మినను, చేతిరుమాళ్లమ్ము గది పుణ్యమా యని అది మూతపడదు. ఇంత విశాలమైన సరకు ఒక్క కప్పు క్రింద నిలిచియుండుటకు మూలమైన రహస్యమిదియే.

దీనికి మఱియొక పార్శ్వము కలదు. అట్టి మహావిపణి వెలసిన వీథిలో చిన్న దుకాణదారులు ఎట్లు నశించిరో ఎమిలీ జోలా 1883లో వెలువరించిన నవలలో నిర్దాక్షిణ్యముగా చిత్రించెను. నేడు మనము కరుణతో తలచుచున్న ఈ అంగళ్లే ఒకనాడు ఇతరుల కన్నీటికి కారణములైనవను సత్యమును మఱచుట ధర్మము కాదు. అయినను, ధనికునకును నిరుపేదకును ఒకే ధర యని వ్రాసి పెట్టిన ఆ చిన్న చీటీ సామాన్యమైన సంస్కరణ కాదు. బేరమాడుటకు నోరు లేని పరదేశికిని, బిడియస్థురాలగు గృహిణికిని, చిన్న పిల్లవానికిని అది ఇచ్చిన గౌరవము గొప్పది.

వైట్లీ లండనులో దుకాణము తెఱచిన 1863వ సంవత్సరముననే చెన్నపట్టణమందు మౌంటు రోడ్డున చార్లెస్ డ్యురాంటు, జె. డబ్ల్యు. స్పెన్సరు అనువారి అంగడికి అంకురార్పణ జరిగెను. కాలక్రమమున యూజీన్ ఓక్‌షాటు చేతికి వచ్చిన పిమ్మట అది ఊహింపరాని విధముగా పెరిగెను. పాగ్సన్ అను వాస్తుశిల్పి ఇండో-సారసెనిక్ శైలిలో రూపొందించిన బ్రహ్మాండమైన భవనమునందు, 1895లో, ఎనుబదికి పైబడిన విభాగములతో ఆ అంగడి క్రొత్తగా ప్రారంభమయ్యెను. ప్రక్కనున్న కానెమరా హోటలును ఓక్‌షాటు అంతకు నాలుగేండ్లు ముందే కొనియుండెను. దక్షిణదేశపు రైలు స్టేషనులలో భోజనశాలలను గూడ ఈ కంపెనీయే నడపెను, సోడా తయారుచేసెను, దిండిగల్లున చుట్టలు చుట్టించి దేశాంతరములకు పంపెను.

ఇది తమిళదేశపు ముచ్చట కదా, మనకేమి సంబంధమని యెవ్వరైనను అడుగవచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించు వఱకు తీరాంధ్రమునకును, రాయలసీమకును చెన్నపట్టణమే రాజధాని. జమీందారుల బంగళాలచటనే, ప్లీడర్ల హైకోర్టచటనే, విద్యార్థుల కళాశాలలచటనే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక బొంబాయి నుండి 1914లో తరలివచ్చినదియు, తరువాత తెలుగు చలనచిత్రములు దశాబ్దముల పాటు తయారైనదియు నచటనే. పట్నము పోయివచ్చిన తెలుగువాడు మూర్ మార్కెట్టును, మౌంటు రోడ్డును చూచితినని చెప్పకయుండుట అరుదు. పోలేనివారికి తపాలాశాఖ కలదు: 1877లో ప్రారంభమైన వి.పి.పి. పద్ధతి వలన పల్లెటూరివాడు ముందుగా సొమ్ము పంపనక్కఱలేకయే, తపాలాబంట్రోతు తెచ్చిన పొట్లమునకు రొక్కము చెల్లించి, పట్టణపు సరకును తన వాకిటనే అందుకొనగలిగెను. ధరల పట్టికను దీపము ముందుంచుకొని, కొనదలచిన దానిని ఒక్కదానినే గాక కొనజాలని వానిని గూడ పుట పుటయు చదువుట ఆ తరమువారికి ఒక విధమైన లోకజ్ఞానము.

అయితే ఈ స్మృతులయందు ఒక అన్యాయము దాగియున్నది. దానిని కప్పిపుచ్చి వ్రాయుట నాకిష్టము లేదు. స్పెన్సర్స్ ప్రధానముగా దొరల కొఱకు, దొరలవలె జీవింపగల సంపన్నుల కొఱకు వెలసినది. అచటి సీసాలు, డబ్బాలు, బిస్కట్లు సీమనుండి దిగినవి. ఆ వ్యాపారము మన నేతగానికిని, మన కంచరికిని పని కల్పించినది కాదు. సామాన్యునికి నిజముగా తలుపులు తెఱచినది 1900 ప్రాంతమున పార్కుటౌనున వెలసిన మూర్ మార్కెట్టు. పాతపుస్తకముల నుండి పావురముల వఱకు, గ్రామఫోను ప్లేట్ల నుండి తాళపుచెవుల వఱకు అచట దొరకనిది లేదు. అది ఒక్క యజమాని అంగడి కాదు, ధరచీటీ లేదు, బేరము తప్పదు. కాని పేదవిద్యార్థి తన చదువుకు కావలసిన గ్రంథమును కొనగలిగిన చోటు అది. స్పెన్సర్స్‌ను గూర్చి వ్రాయువారు దానిని విస్మరింపరాదు.

హైదరాబాదునందు ఈ చరిత్ర మఱియొక త్రోవ పట్టెను. ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖాను కొలువులో ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియను ఆంతరంగిక సేవకుడుండెను. ప్రభువు కొఱకు జేకబు అను రత్నవర్తకుని వద్ద మహావజ్రమును బేరము చేయుటలో మధ్యవర్తిగా నుండి, 1891లో కలకత్తా హైకోర్టు దాక సాగిన వ్యాజ్యములో పేరు వినిపించిన వాడీతడే. ఆబిద్ నగరమున విదేశవస్తువుల అంగడి యొకటి తెఱచెను. అంగడి యెప్పుడో మాసిపోయినను ఆ ప్రాంతమంతయు అతని పేరుననే ఆబిడ్సయి నిలిచినది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఆ విపణులలో ఉండి, నేడు లేనిది యేమి? మాల్ అనునది చూచుటకు డిపార్టుమెంటు స్టోరు వలెనే యుండును. కాని అది అద్దెకిచ్చిన గదుల సముదాయము. ఒక గదిలో కొనిన దానికి ప్రక్కగదివాడు బాధ్యుడు కాడు, భవనము యజమాని అసలే కాడు. పాత విపణిలోనో, గుండుసూదికిని గడియారమునకును ఒకే కంపెనీ జవాబు చెప్పవలెను. ఒక విభాగమున జరిగిన మోసము ఎనుబది విభాగముల కీర్తిని చెఱచును. కావున సూదినమ్మువాడు గూడ గడియారమమ్మువాని గౌరవమును కాపాడుచుండెను. ఏండ్ల తరబడి ఒకే బల్ల వెనుక నిలిచి, ఏ గుడ్డ ఉతికిన పిమ్మట ముడుచుకొనునో, ఏ కత్తి పదును నిలుచునో ఎఱిగిన గుమాస్తా అచట నుండెను. లేదు పొమ్మనక, తెప్పించి యిత్తునను మాట అతని నోట నుండెను. ఫోనునందు మనకు సలహా యిచ్చునది మనము నిన్న చూచిన దానిని బట్టియే యిచ్చును. పాత విపణిలో చెప్పుల కొఱకు మేడ యెక్కువాడు దారిలో పుస్తకములను, పటములను, దూరదర్శినిని, తానెన్నడును కోరని, ఉన్నదని యెఱుగని వస్తువులను దాటుకొని పోవలసినవాడు. పిల్లలకు అది విశేషముగా మేలు చేసినది. లోకమున ఇన్ని పనులు, ఇన్ని పనిముట్లు కలవని వారు చూచి నేర్చిన చోటులలో అదియొకటి.

వాని పతనమునకు ఒక్క కారణము కాదు. నగరమధ్యమున స్థలము వెల పెరిగినకొలది నెలకొక్కటి అమ్ముడుపోవు పియానోకు గది కేటాయించుట భారమయ్యెను. చేతిరుమాళ్లకు, పాదరక్షలకు, ఔషధములకు వేర్వేఱు దుకాణములు వెలసి, లాభము తెచ్చు విభాగములను తన్నుకొనిపోగా, మోయవలసిన విభాగములు మాత్రమే మిగిలినవి. మనదేశమున స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై విధించిన ఆంక్షలు సీమసరకుపై ఆధారపడిన అంగళ్లకు గట్టి దెబ్బ యయ్యెను; దేశీయ పరిశ్రమకు అది అవసరమే యైనది. స్పెన్సర్స్ పాతభవనము 1983లో అగ్నికి ఆహుతియయ్యెను. 1985లో మూర్ మార్కెట్టును కాలిపోయెను. లండనున వైట్లీ స్థాపించిన విపణి 1981లో మూతపడి, 1989లో మాలుగా మరల తెఱవబడెను. మౌంటు రోడ్డున స్పెన్సర్ ప్లాజా 1991లో వెలసెను. ఒకే యేట పుట్టిన ఆ రెండంగళ్ల చోటులును రెండేండ్ల యెడముతో మాల్స్‌గా మాఱినవి.

అంగళ్లు పోయినను వాని పట్టికలు కొన్ని మిగిలినవి. సైనికోద్యోగులు లండనున 1871లో సహకారసంఘముగా స్థాపించుకొని, 1891లో బొంబాయిలోను శాఖ తెఱచిన ఆర్మీ అండ్ నేవీ స్టోర్సు తన 1907వ సంవత్సరపు సరకుల పట్టికను పెద్ద గ్రంథముగా ముద్రించెను. 1969లో ఒక ప్రచురణసంస్థ దానిని యథాతథముగా పునర్ముద్రించెను. ఆనాటి వంటపాత్రలు, డేరాలు, మందులు, బొమ్మలు, వాని ధరలు అందు నేటికిని చదువవచ్చును; ఒక సమాజము ఏమి తినెనో, ఏమి తొడిగెనో, దేనికి భయపడి ఏ మందు దాచుకొనెనో అంత వివరముగా చెప్పు చరిత్రగ్రంథములు తక్కువ. చెన్నపట్టణపు, హైదరాబాదు అంగళ్ల ధరల పట్టికలు, బిల్లులు, వి.పి.పి. రసీదులు మన పాత బంగళాల అటకలపైన, ప్లీడర్ల కాగితముల పెట్టెలలోన ఇంకను కొన్ని మిగిలియుండును. చెదలపాలు కాకమునుపే వానిని మన గ్రంథాలయములకు చేర్చి, తేదీలవారీగా భద్రపఱచినచో, తెలుగు గృహముల నిత్యజీవితమును వ్రాయదలచిన వానికి అంతకంటె విలువైన సామగ్రి యుండదు.