వెల్డింగ్ మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లోపాన్ని ఇలా గుర్తించండి

కల్టివేటర్ పాయింటు విరిగినా, ట్రాలీ డోరు కొక్కెం ఊడినా టౌనుకు పరుగెత్తకుండా ఇప్పుడు చాలామంది రైతులు ఇంటి దగ్గరే చిన్న వెల్డింగ్ మిషన్ పెట్టుకుంటున్నారు. ఖర్చు, సమయం రెండూ కలిసొస్తున్నాయి. అయితే మిషన్ బాడీని ముట్టుకున్నప్పుడు జివ్వుమంటే "చెప్పులు వేసుకుంటే సరిపోతుందిలే" అని పని కానిచ్చేస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. ఎర్తింగ్ సరిగా లేదని మిషన్ ఇచ్చే హెచ్చరిక అది. పొడి నేల మీద జివ్వుమని వదిలేసిన కరెంటే వాన పడిన రోజు, చెమట చేతులకు ప్రాణం తీయగలదు.

ఎర్త్ క్లాంప్ వేరు, ఎర్తింగ్ వేరు

అసలు గందరగోళం ఇక్కడే ఉంది. వెల్డ్ చేసే ఇనుముకు పట్టించే క్లాంపును అందరం "ఎర్త్" అంటాం. కానీ అది రాడ్డు నుంచి వెళ్లిన కరెంటు తిరిగి మిషన్‌లోకి రావడానికి దారి మాత్రమే. షాక్ నుంచి మనల్ని కాపాడేది మిషన్ బాడీ నుంచి ప్లగ్గు లావు పిన్ను ద్వారా ఎర్తింగ్ గుంతకు వెళ్లే ఆకుపచ్చ వైరు. క్లాంపు పెట్టాం కదా, ఎర్తింగ్ ఉన్నట్టే అనుకోకండి.

షాక్ ఎందుకు వస్తుంది?

- ఇన్వర్టర్ రకం మిషన్లలో ఫేజు, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ వైరు తెగితే మిషన్ బాగున్నా బాడీకి సుమారు సగం వోల్టేజీ వస్తుంది. టెస్టర్ వెలుగుతుంది, చేయి జివ్వుమంటుంది.
- పాత కాయిల్ మిషన్లలో తేమ, దుమ్ము చేరి, లేదా ఇన్సులేషన్ కాలి, వైండింగ్ బాడీకి తగులుతుంది. ఇది మరింత ప్రమాదం.
- ఎలుకలు కేబుల్ కొరకడం, ప్లగ్గులో స్క్రూ వదులు కావడం, రెండు పిన్నుల ప్లగ్గు వాడటం మామూలుగా కనిపించే కారణాలు.

వరుసగా ఇలా చూడండి

1. మెయిన్ ఆపి ప్లగ్గు తీసేయండి. ప్లగ్గు విప్పి లావు పిన్నుకు ఆకుపచ్చ వైరు గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి.
2. మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి ఒక కొనను లావు పిన్నుకు, మరో కొనను మిషన్ బాడీ మీద రంగు లేని స్క్రూకు ఆనించండి. బీప్ రావాలి. రాకపోతే కేబుల్‌లో వైరు తెగింది, లేదా లోపల జాయింటు ఊడింది.
3. మిషన్ స్విచ్ ఆన్‌లో ఉంచి (ప్లగ్గు మాత్రం పెట్టకూడదు) మిగతా రెండు పిన్నులకు, బాడీకి మధ్య ఇలాగే చూడండి. ఇక్కడ బీప్ రాకూడదు. వస్తే ఆ మిషన్‌కు కరెంటు ఇవ్వకండి, మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.
4. మిషన్‌లో లోపం లేదంటే సాకెట్, గుంత వైపు చూడాలి. మల్టీమీటర్‌లో 230 వోల్టులు చూపినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు. ఎర్త్ టెస్టర్‌తో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి.

రెండు ఫేజుల మీద నడిచే మిషన్లకు వచ్చేది 415 వోల్టులు. వాటి జోలికి మీరు వెళ్లకుండా ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఎంసీబీ ఉంది కదా, చాలదా?

చాలదు. ఎర్త్ దారి మొత్తం రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు ఉందనుకోండి. ఫేజు బాడీకి తగిలినా పారేది 11.5 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు. బాడీలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. అందుకే ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి.

మిషన్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. రాడ్డు అంటించినప్పుడు ఎంసీబీ పడిపోతుంటే లోడు ఎక్కువైనట్టు. ట్రిప్ అవుతోందని ఎర్త్ వైరు పీకేయకండి. అలా చేస్తే లీకేజీ పోదు, ఎవరి చేయి తగులుతుందా అని బాడీలోనే కాచుకుని ఉంటుంది.

ఎర్తింగ్ గుంత సంరక్షణ

40 మి.మీ. జీఐ పైపును 2.5 మీటర్ల లోతున దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించుకోవాలి. ఎండాకాలంలో నేల ఎండితే ఎర్తింగ్ బలహీనపడుతుంది కాబట్టి అప్పుడప్పుడూ నీళ్లు పోయండి. క్లాంపు తుప్పు పట్టిందా, వైరు తెగిందా అని ఏడాదికి రెండుసార్లయినా చూడండి.

ఈ పనులు చేయవద్దు

- ఎర్తింగ్ లేదని న్యూట్రల్ వైరును మిషన్ బాడీకి కలపవద్దు. న్యూట్రల్ తెగిన రోజు బాడీ మొత్తానికి ఫేజు వస్తుంది.
- న్యూట్రల్ రాలేదని ఎర్త్ పైపును న్యూట్రల్‌గా వాడవద్దు. గుంత చుట్టూ నేలలోకి కరెంటు పారుతుంది. పక్కన కట్టేసిన గేదెలు, ఎద్దులు చనిపోయే ప్రమాదం ఉంది. ఆ ఎర్త్ వైరు ఎక్కడైనా తెగితే దానికి కలిపిన స్టార్టర్ డబ్బాకూ కరెంటు వస్తుంది.
- క్లాంపును షెడ్డు స్తంభానికో, బోరు పైపుకో తగిలించవద్దు. వెల్డింగ్ కరెంటు దొరికిన దారిన తిరిగి సన్నటి ఎర్త్ వైర్లను కాల్చేస్తుంది. తుప్పు, రంగు గీకి, వెల్డ్ చేసే చోటుకు దగ్గరగా పట్టించండి. రాడ్డు సరిగా అంటుకోకపోవడం, క్లాంపు వేడెక్కడం కూడా దీంతో చాలావరకు తగ్గుతాయి.
- కల్టివేటర్‌ను ట్రాక్టర్‌కు తగిలించి ఉంచి వెల్డ్ చేయవద్దు. విప్పి పక్కన పెట్టండి. ట్రాక్టర్‌కే వెల్డ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయండి.
- తడి నేల మీద, తడి గ్లౌజులతో, ఉత్త కాళ్లతో పని చేయవద్దు.

షాక్ తగిలితే

ఆ మనిషిని పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి కర్రతో విడిపించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, తెలిసినవారు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ సీపీఆర్ చేయాలి.

మీ మిషన్ ఒక్కసారైనా జివ్వుమని ఉంటే, ఈసారి ప్లగ్గు పెట్టే ముందే దాన్ని విప్పి ఆకుపచ్చ వైరు చూడండి.