మాట వినే సహాయకుడు

ఉద్దేశం

చేతిఫోనులో మాటతో పనిచేసే సహాయకుడు ఎట్లా వింటాడో, అతనిని తెలుగులో ఎట్లా అమర్చుకోవాలో, అతని సాయాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పశ్చిమగోదావరి జిల్లాలో గోస్తనీ నది ఒడ్డున ఉన్న పట్టణం తణుకు. ఆదికవి నన్నయ పేరును ఈ పట్టణంతో ముడిపెట్టే ఐతిహ్యం ఆ ప్రాంతంలో తరతరాలుగా ప్రచారంలో ఉన్నది. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నాడు. అంతటి కార్యానికి ఆయన ఒంటరిగా పూనుకోలేదు. తనతో కలిసి చదువుకొన్న మిత్రుడు నారాయణభట్టు సాయాన్ని స్వీకరించాడు. భారతయుద్ధంలో అర్జునునికి శ్రీకృష్ణుడు తోడైనట్లు ఆ మిత్రుడు తనకు తోడైనాడని కావ్యారంభంలోనే వినయంగా చెప్పుకొన్నాడు. ఆ నారాయణభట్టు సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం అనే ఐదు భాషలలో కవిత్వం చెప్పగల దిట్ట అని నందంపూడి శాసనం ప్రశంసించింది.

మంచి సహాయకునికి ఉండవలసిన లక్షణాలు ఈ చిన్న వృత్తాంతంలో కనిపిస్తాయి. అతనికి భాష రావాలి. మనసులోని మాట గ్రహించగలగాలి. అడిగినపుడు తోడుండాలి. అయితే సాయం ఎంత గొప్పదైనా, కావ్యంలోని ప్రతి పదానికీ బాధ్యత కవిదే. నేడు ప్రతివారి చేతిలోని ఫోనులో ఒక కొత్త సహాయకుడు కొలువుతీరి ఉన్నాడు. అతనికి ప్రాణం లేదు, మనసు లేదు. అయినా మాట వింటాడు, బదులు పలుకుతాడు. అతని స్వభావాన్ని తెలుసుకోవడం నేటి విద్యార్థికి అవసరం.

మాట వినే యంత్రం – ఒక తెలుగువాని కృషి

మనిషి మాటను యంత్రానికి నేర్పాలనే ప్రయత్నం నేటిది కాదు. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ‘ఆడ్రే’ అనే యంత్రాన్ని నిర్మించారు. అది సున్న నుండి తొమ్మిది వరకు అంకెలను మాత్రమే గుర్తించగలిగేది. అంకెలను దాటి సహజమైన మాటలను యంత్రం చేత గుర్తింపజేసే పరిశోధనకు బాటలు వేసినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడు. ఆయనే దబ్బల రాజగోపాలరెడ్డి. రాజ్ రెడ్డిగా ప్రపంచం ఆయనను ఎరుగును.

రాజ్ రెడ్డి 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో జన్మించారు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాటను గుర్తించే పరిశోధనకు నాయకత్వం వహించారు. 1976 నాటికి ఆ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘హార్పీ’ అనే వ్యవస్థ సుమారు వేయి మాటలను గుర్తించగలిగింది. 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఆయన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకొన్నారు.

పరిశోధనశాలలలోని ఈ విద్య 2011లో ఆపిల్ సంస్థ వారి ‘సిరి’తో సామాన్యుల చేతికి వచ్చింది. 2016లో గూగుల్ అసిస్టెంటు వెలువడింది. తెలుగులో మాట్లాడితే దానిని అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని గూగుల్ సంస్థ 2017లో కల్పించింది. 2024లో మన దేశంలో విడుదలైన ‘జెమిని’ యాప్ తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలలో అందుబాటులోకి వచ్చింది.

యంత్రం ఎట్లా వింటుంది?

మనం పలికినపుడు గాలిలో తరంగాలు పుడతాయి. ఫోనులోని మైకు ఆ తరంగాలను విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. ఫోను ఆ సంకేతాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా నమోదు చేసుకొంటుంది. మాటను గుర్తించే పనికి సాధారణంగా సెకనుకు 16,000 కొలతలు తీసుకొంటారు. ఆ అంకెల వరుసను సెకనులో వందో వంతు వంటి చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కలో ఏ ధ్వని ఉన్నదో యంత్రం అంచనా వేస్తుంది.

ధ్వనులు తెలిసినంత మాత్రాన మాట తెలియదు. ఉదాహరణకు ఒకరు “తణుకు వెళ్లే బస్సు ఎప్పుడు?” అని అడిగారనుకొందాం. పక్కన మోటారు చప్పుడు ఉంటే ‘తణుకు’ అనే పలుకు ‘తనకు’ అని వినిపించవచ్చు. ఈ రెంటిలో ఏది సరి? ‘వెళ్లే బస్సు’ అనే మాటల ముందు ఊరి పేరు రావడానికే ఎక్కువ అవకాశం ఉన్నదని, తాను ముందుగా చదివిన లక్షలాది వాక్యాల ఆధారంగా యంత్రం నిర్ణయిస్తుంది. మనిషి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకొంటాడు; యంత్రం సంభావ్యతను లెక్కగడుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే యంత్రం ఎందుకు పొరపడుతుందో సులభంగా బోధపడుతుంది.

వాక్యం తేలిన తరువాత అందులోని కోరిక ఏమిటో యంత్రం గ్రహిస్తుంది. అవసరమైన సమాచారాన్ని ఇంటర్నెట్టు నుండి తెస్తుంది. జవాబును తిరిగి ధ్వనిగా మార్చి వినిపిస్తుంది. ఇంత పనీ సాధారణంగా కొన్ని క్షణాలలోనే ముగుస్తుంది.

అమర్చుకొనే విధానం

ఫోను తయారుచేసిన సంస్థను బట్టి పేర్లు, స్థానాలు కొద్దిగా మారినా, ఆండ్రాయిడ్ ఫోనులలో అమరిక క్రమం దాదాపు ఒకే విధంగా ఉంటుంది.

మొదట ఫోనుకు ఇంటర్నెట్టు ఉండాలి. గూగుల్ ఖాతా ఉండాలి. సహాయకుని యాప్ తెరచి, పై మూలనున్న ఖాతా బొమ్మను తాకితే సెట్టింగులు కనిపిస్తాయి. అందులో భాషల విభాగంలో తెలుగును ఎంచుకోవాలి. ఇంగ్లీషును కూడా ఉంచుకొనే వీలున్నచోట రెండింటినీ ఉంచుకోవడం మేలు. ఆపైన మైకు వాడుకోవడానికి, ఫోనులోని పేర్లు చూడటానికి అనుమతి అడుగుతుంది. ఏ అనుమతి ఎందుకో చదివి తెలుసుకొన్న తరువాతనే సమ్మతించాలి. పిమ్మట ‘హే గూగుల్’ అనే పిలుపును యజమాని గొంతుతో కొన్నిసార్లు పలికించుకొని ఆ గొంతును గుర్తుపెట్టుకొంటుంది. ఈ పని నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయాలి.

కీబోర్డు సెట్టింగులలో కూడా తెలుగును చేర్చుకొంటే, దాని మీది మైకు గుర్తును తాకి మాట్లాడిన మాటలు తెలుగు అక్షరాలుగా పడతాయి. ఉత్తరం రాయడానికి, సందేశం పంపడానికి ఇది ఎంతో అనువైనది.

మామ్మ మాట

అమరిక పూర్తయితే పని ముగిసినట్లు కాదు. తణుకు చేరువలోని ఒక పల్లెలో ఇంటర్మీడియట్ చదువుతున్న బాలిక తన మామ్మ ఫోనును అమర్చిందనుకొందాం. మామ్మకు అక్షరాలు రావు. హైదరాబాదులో ఉన్న పెద్దకొడుకుతో మాట్లాడాలంటే ఎవరో ఒకరు వచ్చి ఫోను కలిపిపెట్టాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే ఫోను చేతిలో ఉండి కూడా ఆమె నిస్సహాయురాలే.

“ఇప్పుడు నువ్వే చెప్పు మామ్మా,” అన్నది మనుమరాలు.

మామ్మ ఫోనును దగ్గరగా పెట్టుకొని, “మా పెద్దోడికి ఫోను కలుపు నాయనా,” అన్నది.

ఆ పేరు గలవారు లేరని ఫోను బదులిచ్చింది. మామ్మ ముఖం చిన్నబోయింది. “నా మాట దీనికి తెలీదే అమ్మాయ్,” అన్నది.

తప్పు మామ్మ మాటలో లేదు. ఫోనులో పేరు రాసుకొన్న తీరులో ఉన్నది. అందులో కొడుకు పేరు ఇంగ్లీషు అక్షరాలలో, ఇంటిపేరుతో సహా ఉన్నది. కన్నకొడుకును ఏ తల్లీ ఇంటిపేరు పెట్టి పిలవదు. బాలిక ఆ పేరును చెరిపి, తెలుగు అక్షరాలలో ‘పెద్దోడు’ అని రాసింది. మామ్మ మళ్లీ అదే మాట అన్నది. ఈసారి ఫోను మోగింది. అవతల కొడుకు గొంతు వినిపించింది. సహాయకుని భాష మామ్మ నేర్చుకోనక్కరలేదు. మామ్మ వాడే మాటను ఫోనులో పెట్టడమే చదువుకొన్న మనుమరాలి పని.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు నిండిన ప్రతి వందమందిలో సుమారు 67 మంది మాత్రమే అక్షరాస్యులు. మిగిలినవారికి అక్షరాలతో పనిచేసే ఫోను మూసిన తలుపు వంటిది. మాటతో పనిచేసే ఫోను ఆ తలుపును కొంతవరకైనా తెరుస్తుంది. కోతల వేళ వాన సూచన ఉన్నదేమో రైతు అడిగి తెలుసుకోవచ్చు. మాత్రలు వేసుకొనే వేళను గుర్తుచేయమని వృద్ధులు చెప్పవచ్చు. ఆపద వేళ 108కి ఫోను కలపమని కోరవచ్చు. చూపులేనివారికి ఈ సదుపాయం ఎంత ఉపకరిస్తుందో చెప్పనక్కరలేదు.

వాడుక మాటకు చోటు

యంత్రానికి ఏ భాషను ఎంతగా వినిపిస్తే ఆ భాష అంతగా పట్టుబడుతుంది. తెలుగు పదాలు ప్రత్యయాలతో కలిసి అనేక రూపాలు పొందుతాయి. ‘ఇంటికి’, ‘ఇంట్లో’, ‘ఇంటినుంచి’ అనే రూపాలన్నీ ‘ఇల్లు’ నుండి వచ్చినవే. సంధులు పదాల హద్దులను చెరిపివేస్తాయి. వీటికి తోడు ప్రాంతీయ భేదాలు ఉన్నాయి. ‘వెళ్తున్నాను’ అన్న మాట గోదావరి పల్లెలలో ‘ఎల్తన్నాను’ అని వినిపిస్తుంది. ‘అవును’ అనడానికి ఆ సీమవారు ‘ఆయ్’ అంటారు. పుస్తకంలో చదివినట్లు పలికే గొంతులనే విని పెరిగిన యంత్రానికి ఈ పలుకుబడి కొత్తగా తోస్తుంది. అప్పుడు మామ్మ వంటివారు తమ సహజమైన మాటను వదలి, యంత్రానికి నచ్చే మాటను వెతుక్కోవలసి వస్తుంది. అది భాషకు మేలు కాదు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నాలు మన దేశంలో జరుగుతున్నాయి. భారత ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. అందులో భాగమైన ‘భాషాదాన్’లో ప్రజలు తమ గొంతుతో వాక్యాలు చదివి దానం చేయవచ్చు. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ ఫర్ భారత్’ పరిశోధకులు రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న 22 భాషలలో ప్రజల మాటలను సేకరించారు. కోనసీమ గొంతు, పాలమూరు గొంతు, శ్రీకాకుళం గొంతు – అన్నీ యంత్రం చెవిన పడిననాడే అది నిజంగా తెలుగు విన్నట్లవుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

సహాయకుడు చెప్పినదంతా సత్యం కాదు. “బాలగంగాధర తిలక్ ఎక్కడ పుట్టాడు?” అని అడిగితే, 1856లో రత్నగిరిలో జన్మించిన లోకమాన్యుని గురించి చెప్పవచ్చు. అడిగినవారి ఉద్దేశం మాత్రం 1921లో తణుకు సమీపాన మండపాకలో జన్మించిన తెలుగు కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ కావచ్చు. పేరు ఒకటే, మనుషులు వేరు. ఇంటిపేరు చేర్చి అడిగితే సరైన జవాబు లభించే అవకాశం పెరుగుతుంది. ప్రశ్న ఎంత స్పష్టంగా ఉంటే జవాబు అంత ఉపయోగకరంగా ఉంటుంది. అయినా పరీక్షకు చదివే విషయాన్ని పుస్తకంతోనూ, మందుల విషయాన్ని వైద్యునితోనూ సరిచూసుకోక తప్పదు.

రెండవది గోప్యత. సహాయకుడు రికార్డు చేసిన మాటల ముక్కలలో సుమారు 0.2 శాతాన్ని భాషానిపుణులు వింటారని గూగుల్ సంస్థ 2019లో వెల్లడించింది. కనుక తన మాటలు ఎక్కడ నిలువ ఉంటాయో ప్రతివారూ తెలుసుకోవాలి. గూగుల్ ఖాతాలోని ‘యాక్టివిటీ’ విభాగంలో పాత మాటలను చూడవచ్చు, చెరిపివేయవచ్చు. ఓటీపీ, బ్యాంకు పిన్ వంటి రహస్య సంఖ్యలను పైకి పలుకరాదు. తాళం వేసి ఉన్న ఫోను ఎవరి గొంతుకైనా పనిచేయకుండా సెట్టింగులను సరిచేసుకోవాలి. పెద్దల ఫోను అమర్చే పిల్లలు ఈ జాగ్రత్తలను కూడా వారికి ఓపికగా వివరించాలి.

ముగింపు

నన్నయ మిత్రుని సాయం పొందాడు; కాని తన కావ్యాన్ని మిత్రునికి అప్పగించి ఊరకుండలేదు. ఫోనులోని సహాయకుని పట్ల పాటించవలసిన నీతి కూడా ఇదే. వెతికే శ్రమను అతనికి ఇవ్వవచ్చు. ఆలోచించే బాధ్యతను ఇవ్వరాదు. చదువు వచ్చినవారికి అతడు ఒక సౌకర్యం మాత్రమే. మామ్మ వంటివారికి మాత్రం ఒకరి కోసం ఎదురుచూడకుండా కన్నకొడుకుతో మాట్లాడే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛను ఇంటిలోని పెద్దలకు అందించడానికి విద్యార్థి వెచ్చించవలసినది ఒక సాయంత్రం, కొంత ఓర్పు.

కఠిన పదాలు – అర్థాలు

ఐతిహ్యం – తరతరాలుగా చెప్పుకొంటూ వచ్చిన కథ
వృత్తాంతం – జరిగిన సంగతి
అగ్రగణ్యుడు – మొదట లెక్కింపదగినవాడు
సంభావ్యత – జరగడానికి గల అవకాశం
ప్రత్యయం – పదం చివర చేరే భాషాభాగం
గోప్యత – రహస్యంగా ఉంచడం

ప్రశ్నలు

1. మాటను గుర్తించే పరిశోధనలో రాజ్ రెడ్డి కృషిని వివరించండి.
2. మనిషి వినడానికీ, యంత్రం వినడానికీ గల భేదాన్ని ‘తణుకు’ ఉదాహరణతో తెలపండి.
3. మామ్మ ఫోను మొదట ఎందుకు పనిచేయలేదు? మనుమరాలు ఏమి చేసింది?
4. నన్నయ, నారాయణభట్టుల స్నేహం నుండి నేటి విద్యార్థి గ్రహించవలసినదేమి?
5. మీ ఇంటిలోని పెద్దలు వాడే పది మాటలను ఫోనుకు వినిపించి, అది ఏ మాటలను సరిగా రాసిందో, ఏ మాటలను రాయలేకపోయిందో పట్టికగా రాయండి.