పాటు వేళ కోరింగ

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గోదావరి పాయలు సముద్రాన్ని చేరే చోట కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సందర్శకులు చాలామంది చెక్క వంతెన మీద ఓ పావుగంట నడిచి, "జంతువులేవీ లేవే" అంటూ తిరుగుముఖం పడతారు. వాళ్లు గడియారం చూసుకుని వచ్చినవాళ్లు. ఇక్కడ చూసుకోవలసింది పోటూ పాటూ.

సముద్రం ఇక్కడ రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీస్తుంది. ఆ వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. పడవ షికారుకు పాయ నిండుగా ఉండాలి; అడవిని తెలుసుకోవాలంటే మాత్రం నీరు తీసి బురద బయటపడాలి. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను బురదకే ఓటేస్తాను.

ఆ బురదలో మొదట కంటపడేవి, పెన్సిళ్లు గుచ్చినట్టు నిలువుగా లేచిన మడచెట్ల వేళ్లు. తడి బురదలో పైపొర దాటితే ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందుకే వేళ్లు ఊపిరి కోసం పైకి వస్తాయి. వాటి బెరడు మీది సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. ఇక ఉప్పు సంగతి. మడ ఆకులోని గ్రంథులు అదనపు ఉప్పును బయటికి నెట్టేస్తాయి. వంతెన పక్కకు వాలిన ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకిస్తే ఆ రుచి తెలుస్తుంది. అయితే అది మడచెట్టేనని రూఢి చేసుకున్నాకే ఆ పని చేయాలి. పక్కనే పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

వంతెన మీద కదలకుండా అయిదు నిమిషాలు నిలబడితే బురద కదలడం మొదలవుతుంది. వేలెడంత చేప ఒకటి ముందు రెక్కల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, ఆగి, నడినెత్తి మీది కనుగుడ్లను గుంటల్లోకి లాక్కుని తడి చేసుకుని మళ్లీ పైకి తెస్తుంది. ఇదే మడ్‌స్కిప్పర్. చర్మం తడిగా ఉన్నంతసేపు దానితోనే గాలి పీల్చుకోగలదు. దాని పక్కన ఎండ్రకాయలు. మగదానికి ఒక డెక్క బాగా పెద్దది, రెండోది బుల్లిది. పెద్దదాన్ని ఊపి ఆడదాన్ని పిలుస్తుంది, చిన్నదానితో బురద నోట్లో పెట్టుకుంటుంది. అందులోని నాచునూ సూక్ష్మజీవులనూ తిని, మిగిలింది చిన్న ఉండలుగా చేసి వదిలేస్తుంది.

చేపలు పట్టి తినే నీటిపిల్లి ఇక్కడి పేరున్న జీవే గానీ, ఎక్కువగా రాత్రి తిరిగేది. పగలు వచ్చినవారికి తడి గట్టు మీద దాని అడుగులు కనబడితే అదే భాగ్యం. నీటికుక్కలు కొంత నయం, గుంపుగా ఈదుతూ అప్పుడప్పుడు తలలెత్తుతాయి. కాకినాడ అఖాతానికి అడ్డుగా పరుచుకున్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఏ పిల్ల ఆడదో ఏది మగదో తేల్చేది ఆ ఇసుక వేడి.

పోటు మళ్లీ మొదలైనప్పుడు ముందుగా పసిగట్టేవి ఎండ్రకాయలే. ఒక్కొక్కటీ బొరియలోకి దిగి, ఒక బురద ముద్దను లోపలినుంచే బిరడాలా బిగిస్తుంది. కాసేపటికి దాని మీదుగా నీరు పారుతుంది.