పొట్టేలు ఎంపికకు ఎత్తొక్కటే కొలమానం కాదు

మహబూబ్‌నగర్: సంతలో నెల్లూరు, దక్కని పొట్టేళ్లు పక్కపక్కన నిలబడితే కొనుగోలుదారు చూపు ఎత్తైన నెల్లూరు పొట్టేలుపైనే పడుతుంది. అయితే ఆ ఎత్తు, ఈ పొట్టితనం రెండూ ఆయా ప్రాంతాల ఎండ, చలి, మేతలకు అనుగుణంగా తరతరాలుగా ఏర్పడినవే. ఈ సంగతి గుర్తించకుండా మందలో పొట్టేలును మారిస్తే కాపరి నష్టపోయే ప్రమాదం ఉంది.

అన్నం చల్లారే తీరు

కుప్పగా పోసిన అన్నం ఆలస్యంగా, పళ్లెంలో పలుచగా పరిచిన అన్నం త్వరగా చల్లారుతుంది. జంతువుల దేహానికీ ఇదే వర్తిస్తుంది. దేహం పెరిగేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం తగ్గి, వేడి లోపలే నిలుస్తుంది. అందువల్ల శీతల ప్రాంతాల జంతువులు భారీగా, ఉష్ణ ప్రాంతాలవి చిన్నవిగా ఉంటాయని జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ బెర్గ్‌మన్ 1847లో ప్రతిపాదించారు. ఉష్ణ ప్రాంతాల జంతువులకు కాళ్లు, చెవులు పొడవుగా ఉంటాయని అమెరికా శాస్త్రవేత్త జోయెల్ అలెన్ 1877లో వివరించారు.

తీరంలో పొడవు

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో రూపుదిద్దుకున్న నెల్లూరు జాతి దేశీయ గొర్రెల్లో అత్యంత ఎత్తైనదిగా పేరొందింది. దీనికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. పొడవాటి కాళ్లు, వేలాడే చెవులు దేహంలోని వేడిని వెలుపలికి పంపేందుకు తోడ్పడతాయి. కాళ్ల పొడవు వల్ల ఎత్తుగా కనిపించినా, దక్కనితో పోలిస్తే బరువులో అంత తేడా ఉండదు.

మెట్టలో ఉన్ని

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక మెట్ట ప్రాంతాలకు చెందిన దక్కని గొర్రె ముతక ఉన్ని పగటి ఎండకు, శీతాకాలపు రాత్రి చలికి అడ్డుగా నిలుస్తుంది. గొంగళ్లకు ఆధారం ఆ ఉన్నే. దూరాలు నడిచి, కొద్దిపాటి మేతతో నెట్టుకురావడం ఈ జాతి బలం.

ఏది మేలు?

తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ చేపట్టి, ఇతర రాష్ట్రాల నుంచి జీవాలను తెప్పించింది. తీర ప్రాంత జాతులు మెట్ట మందల్లో చేరే అవకాశం దీంతో పెరిగింది. నెల్లూరు పొట్టేలుతో దక్కని గొర్రెలను దాటిస్తే పిల్లలు ఎత్తుగా పెరగవచ్చు. కానీ ఉన్ని తగ్గుతుంది, దేహం పెరిగితే మేత, నీటి అవసరమూ పెరుగుతుంది. మేత పుష్కలంగా లేని చోట ఆ భారం మోసేది కాపరే.

కనుక పొట్టేలును కొనేముందు ఎత్తుతో పాటు బరువును తూచి చూడాలి. దాని సంతానం ఎండాకాలాన్ని ఎలా తట్టుకున్నదో విచారించాలి. మంచి దక్కని పొట్టేలు ఊళ్లో ఉంటే మాంసం ధర చూసి తెగనమ్మకుండా మందకు నిలుపుకోవడం మేలు.