పదో తరగతి పాసైనా పానా పట్టడం రాదు!
చేతిపని పాఠాలకు మన బడుల్లో చోటెక్కడ?

నర్సీపట్నం: ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మెకానిక్కు కోసం కబురు పెడతాం. సైకిలు చైను జారితే నెట్టుకుంటూ షాపు దాకా నడుస్తాం. ట్యాంకు నిండి నీళ్లు వీధిలో పారుతున్నా, ఎవరో ఒకరు కేకేసే దాకా మోటారు కట్టరు. ఆ ఇంట్లోనే పదో తరగతి పిల్లవాడు ఉంటాడు. విద్యుత్తు పాఠంలో అతనికి మంచి మార్కులే వచ్చి ఉంటాయి. ఓం సూత్రం అడిగితే గడగడా చెబుతాడు. స్క్రూ డ్రైవరు చేతికిస్తే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. చదువు చెవికి, కంటికి అందుతోంది గాని చేతికి అందడం లేదు.

ఈ బాధ కొత్తదేమీ కాదు. చేతిపనితోనే చదువు సాగాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1964-66 నాటి కొఠారీ కమిషన్ ప్రతి విద్యార్థికీ పని అనుభవం ఉండాలని సిఫారసు చేసింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పనిని పాఠ్యప్రణాళికలో చేర్చమంది. సిఫారసులకు కొరత లేదు. పరీక్షలో మార్కులు లేని పీరియడు గనుక, లెక్కలకో ఇంగ్లీషుకో వాడుకోవడం బడుల్లో అలవాటైపోయింది.

పాబళ్ గ్రామం చూపిన దారి

ఒక్క పల్లెటూరు మాత్రం ఈ మాటను చేసి చూపించింది. మహారాష్ట్రలో పూణే జిల్లాలోని పాబళ్ అనే మెట్ట ప్రాంతపు గ్రామంలో డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమం స్థాపించారు. ఆయన పెద్ద కంపెనీలో పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఆ ఉద్యోగం వదిలి పల్లెకు వచ్చారు. హైస్కూలు పిల్లలకు వారానికి ఒక రోజు పూర్తిగా చేతిపనికే కేటాయించేలా పాఠాలు తయారు చేశారు.

ఆ పాఠాలు నాలుగు భాగాలు. ఇనుము, చెక్క, కట్టుబడి పనులు ఒకటి. విద్యుత్తు, పర్యావరణం రెండోది. ఇల్లు, ఆరోగ్యం మూడోది. వ్యవసాయం, పశుపోషణ నాలుగోది. ఆడపిల్లలు వెల్డింగు నేర్చుకున్నారు, మగపిల్లలు వంట నేర్చుకున్నారు. నేర్పడానికి ఊళ్లోని పనివాళ్లనే బోధకులుగా పెట్టుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు చేసిన పని ఊరికి పనికొచ్చింది. గేటు చేయడం, వైరింగు వేయడం, మట్టి పరీక్ష చేయడం లాంటి పనులు పాఠంలో భాగమయ్యాయి. చేసిన గేటు సరిగా పడకపోతే మాస్టారు చెప్పనక్కరలేదు, గేటే చెబుతుంది. కల్బాగ్ 2003లో కన్నుమూశారు. ఆశ్రమం పని ఆగలేదు.

మన రాష్ట్రంలోనే కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ మరో దారి పట్టింది. 1999లో మొదలైన ఈ సంస్థ ప్రయోగాల సామాను వ్యానులో వేసుకుని పల్లె బడుల ముంగిటికే వెళ్లింది. ల్యాబు లేని బడికి ల్యాబే నడిచి వెళ్లిందన్నమాట.

యంత్రం వస్తే సరిపోతుందా?

కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఇవి పెట్టారు. ఎంపికైన బడికి సామాను కొనడానికి, నడపడానికి కలిపి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చారు. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, చిన్న కంప్యూటరు బోర్డులు, పనిముట్లు అందులో ఉంటాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

ఇది మంచి మాటే. అయితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు కాకూడదు. యంత్రం నడపడం తెలిసిన మాస్టారు బదిలీ అయిపోతే, చెడిన భాగానికి డబ్బు లేకపోతే, పాడవుతుందేమోనన్న భయంతో గదికి తాళం వేస్తే ఆ 20 లక్షలూ బీరువాలో బొమ్మలే. పిల్లలు ముట్టుకోని సామాను కొత్తగానే ఉంటుంది, కాని దానివల్ల ఎవరికీ చదువు రాదు.

ల్యాబు వచ్చే దాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కరలేదు. మూడు పాఠాలు చూడండి.

వంద రూపాయల లోపు పాఠాలు

ఒకటి, ట్యాంకు గంట. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజరు, బీసీ 547 అనే చిన్న ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, రెండు తీగలు కావాలి. తీగల కొసలు ట్యాంకు పై అంచు దగ్గర, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. నీళ్లు రెండు కొసలనూ తాకగానే వాటి గుండా సన్నని కరెంటు పారుతుంది. ట్రాన్సిస్టరు ఆ కొద్దిపాటి కరెంటుతోనే బజరును మోగిస్తుంది. మోటారు కట్టమని ఎవరూ కేకేయనక్కరలేదు. బ్యాటరీతోనే చేసేది గనుక షాక్ భయం లేదు. ఇంటి కరెంటు ప్లగ్గుల జోలికి మాత్రం పిల్లలు పోరాదు.

రెండు, వాన కొలత. అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఆరుబయట పెట్టి, స్కేలుతో నీటి లోతు కొలిస్తే చాలు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. నలభై చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. అదే వాన ఎకరం పొలంలో పడితే లక్ష లీటర్లు దాటుతుంది. పిల్లలు రోజూ కొలిచి నోటీసు బోర్డు మీద రాస్తే, దుక్కికి చాలినంత పదును దిగిందా లేదా అని రైతులే బడికొచ్చి చూసుకుంటారు.

మూడు, సైకిలు లెక్క. పెడలు చక్రానికి 44 పళ్లు, వెనుక చక్రానికి 18 పళ్లు ఉంటే, పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే ఒక్క తొక్కుకు ఐదు మీటర్ల పైచిలుకు. చాక్‌పీసుతో నేల మీద గీత గీసి కొలిచి చూస్తే నిష్పత్తి పాఠం జన్మలో మరిచిపోరు.

ఇవి చేశాక కరెంటు బిల్లు కూడా లెక్కకు వస్తుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే ఒకటిన్నర యూనిటు కూడా కాదు. ఈ లెక్క ఇంట్లో అమ్మకు విప్పి చెప్పగలిగిన పిల్లకు పాఠం వచ్చినట్టే.

మన గురువులు మన పక్కనే

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకునే వీలు కల్పించమంది. మన ప్రాంతానికి ఇది వరమే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. రాపిడి వల్ల వేడి పుడుతుందని ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్న మాట అక్కడ కళ్ల ముందు జరుగుతుంది. గింజలు, బెరడు, వేర్ల నుంచి రంగులు తీయడం రసాయన శాస్త్రమే. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం మీద ఢిల్లీ వీధుల్లో ఊరేగాయి. దేశమంతా చూసిన ఆ పనిని పక్క మండలాల పిల్లలు దగ్గరుండి చూడకపోవడం ఏం న్యాయం?

నర్సీపట్నంలో మోటారు రివైండింగు షాపులు, వెల్డింగు షెడ్లు, వడ్రంగులు, ట్రాక్టరు మెకానిక్కులు ఉన్నారు. వారిలో చాలామంది బడి మధ్యలో మానినవారే. వారిని నెలకు రెండు పూటలు బడికి పిలిచి, మాస్టారి పక్కన కుర్చీ వేసి, తగిన పారితోషికం ఇస్తే పిల్లలకు పని వస్తుంది. పనికి గౌరవమూ వస్తుంది. చేతిపని చేసేవాడు చదువు రానివాడని పిల్లల్లో నాటుకున్న చిన్నచూపు పోవడానికి ఇంతకంటే మంచి మందు లేదు.

ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థి ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో కొన్న నమూనా కాక, పిల్లవాడు స్వయంగా చేసిన నమూనా ప్రదర్శనకు వెళ్లాలి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో మార్కులతో పాటు ఒక్క ప్రశ్న కూడా అడగండి: "ఈ నెల మా పిల్ల తన చేత్తో ఏం చేసింది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తే, తాళం వేసిన గదులు వాటంతట అవే తెరుచుకుంటాయి.